హన్నమ్మ వెనక్కి తీసుకున్న మాట

కొండపల్లి స్టేషను దాటి కుడివైపు తిరిగాక మూడో వీధిలో హన్నమ్మ ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి వరండాలో మిషను పెట్టుకుని ఆమె జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. భర్త బాలశౌరి ఆటో నడుపుతాడు. ఆడపిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. అయితే ఈ ఆరేళ్ళలో కుట్టుపని కోసం వచ్చేవాళ్ళకన్నా ప్రార్థన కోసం వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు.

అందుకు కారణం కీర్తన. వీధి చివర టీచరుగారి కూతురు. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి, ఆ పిల్ల ఇక దక్కదేమోనని అందరూ అనుకుంటున్న రోజుల్లో హన్నమ్మ రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మోకాళ్ళ మీదే ఉంది. మూడో రోజు పొద్దున పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. డాక్టర్లు రాత్రింబవళ్ళు చేసిన వైద్యం సంగతి ఎవరికీ గుర్తులేదు. హన్నమ్మ ప్రార్థన మాత్రం ఊరంతా పాకింది.

అప్పటినుంచీ శుక్రవారం శుక్రవారం వరండాలో ఉపవాస ప్రార్థన. మొదట అయిదుగురు వచ్చేవారు, తర్వాత పదిహేనుమంది, చివరికి నలభైమంది దాకా చేరారు. మిషనును గోడకి జరిపి, వీధిలో ప్లాస్టిక్ కుర్చీలు వేయాల్సి వచ్చింది. క్రైస్తవులే కాదు, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ వచ్చేవాళ్ళు. హన్నమ్మ కళ్ళు మూసుకుని "సర్వోన్నతుడా, మహోన్నతుడా" అని గొంతెత్తిందంటే పక్క వీధిలో టీవీలు కట్టేసేవాళ్ళు.

మొదట్లో ఎవరైనా కష్టం చెప్పుకుంటే ఆమె "దేవుడు చూస్తాడులేమ్మా" అనేది. కొన్నాళ్ళకి అది "దేవుడు తప్పకుండా చేస్తాడు" అయింది. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు, "దేవుడు నాతో చెప్పాడు" అనడం అలవాటైపోయింది. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళ ముఖం వికసించేది. ఆ వికసించిన ముఖం చూడటమంటే హన్నమ్మకి ఇష్టం.

సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు జయంత్ అయ్యగారు ఒకసారి ఆరాధన అయ్యాక మెల్లగా అన్నాడు. "అమ్మా, మనం అడిగేవాళ్ళం. జవాబు కూడా మనమే చెప్పేస్తే ఇక ఆయనకేం మిగులుతుందండీ?"

హన్నమ్మ నవ్వి ఊరుకుంది గానీ ఇంటికొచ్చి భర్త దగ్గర మండిపడింది. "నిన్నగాక మొన్న బైబిలు కాలేజీ నుంచి దిగాడు, నాకు నేర్పుతాడా ప్రార్థన?"

బాలశౌరి చెయ్యి కడుక్కుంటూ, "కుర్రాడు మర్యాదగానే అన్నాడు కదే" అన్నాడు. ఆమె విసురుగా వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

పక్కింటి శివపార్వతి ప్రతి దసరాకీ కనకదుర్గమ్మ కొండెక్కి వస్తుంది. శుక్రవారం హన్నమ్మ వరండాలోనూ కూర్చుంటుంది. పదేళ్ళుగా రెండిళ్ళ మధ్య గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. హన్నమ్మని వదినా అంటుంది. పార్వతి భర్త ఏడుకొండలు థర్మల్ స్టేషన్‌లో బొగ్గు ప్లాంటులో పనిచేస్తాడు. కిందటి వేసవిలో అతనికి మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టు ఉండటం మొదలైంది. ఇబ్రహీంపట్నంలో డాక్టరు ఈసీజీ తీసి, విజయవాడ వెళ్ళి వెంటనే యాంజియోగ్రామ్ చేయించుకోమని చీటీ రాశాడు. తేదీ కూడా ఇచ్చారు.

ఆ వారం పార్వతి ప్రార్థనకి వచ్చి ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఆ మిషను మీద పడుకోబెట్టి గుండెలోకి తీగ పంపిస్తారంట వదినా. ఆయనకేమన్నా అయితే నేనేమైపోవాలి?"

హన్నమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి అరగంట ప్రార్థించింది. చెమటలు పట్టాయి, గొంతు బొంగురుపోయింది. కళ్ళు తెరిచేసరికి వరండా నిండా మనుషులు ఆమె నోటివంకే చూస్తున్నారు. ఆ వేళ మొదటిసారి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వెనక నిలబడి ఉన్నారు. పార్వతి రెండు చేతులూ జోడించి ఎదురుచూస్తోంది. నిజానికి హన్నమ్మకి ఏమీ వినబడలేదు, ఏమీ తోచలేదు. కానీ అంతమందిని ఉత్త చేతులతో ఎలా పంపాలి?

"భయపడకు పార్వతీ! దేవుడు నాతో చెప్పాడు. నీ భర్తకి ఏ తీగా అక్కర్లేదు, ఏ కత్తీ అక్కర్లేదు" అంది.

హల్లెలూయ అంటూ అందరూ చప్పట్లు కొట్టారు. ఏడుకొండలు ఆసుపత్రి తేదీ మానుకున్నాడు. ఆ సంగతి గోడ మీదుగా విన్నప్పుడు హన్నమ్మ కుడుతున్న మిషను ఆపేసింది. 'పోనీ వెళ్ళి రమ్మను' అందామని నోటి చివరిదాకా వచ్చింది. అంటే శుక్రవారం అన్న మాట ఏమవుతుంది? అనలేదు.

సరిగ్గా పదకొండు రోజులకి, మంగళవారం పొద్దున పది గంటలప్పుడు, గోడ అవతలి నుంచి కేక వినబడింది. "వదినా! హన్నా వదినా! రావే, తొందరగా రా!"

కుట్టు మధ్యలో వదిలేసి హన్నమ్మ పరిగెత్తింది. ఏడుకొండలు కుళాయి దగ్గర గోడకి జారగిలబడి ఉన్నాడు. ముఖం బూడిద రంగుకి తిరిగింది. చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టు చెమటతో తడిసింది. కుడిచెయ్యి గుండె మీద బిగుసుకుని ఉంది. ఎదురింటాయన అప్పటికే ఫోను తీసి అంబులెన్సుకి చేస్తున్నాడు. పార్వతి అతని చెయ్యి పట్టుకుని ఆపుతోంది.

"వద్దన్నయ్యా, హాస్పిటల్ వద్దు! మా వదినకి దేవుడు చెప్పాడు. వదిన ప్రార్థన చేస్తే ఆయనకి తగ్గిపోద్ది. చెయ్యి వదినా, చూస్తావేంటి? చెయ్యి!"

అప్పటికి గుమ్మం ముందు పదిమంది పోగయ్యారు. అందరి కళ్ళూ హన్నమ్మ మీదే. శుక్రవారం చూసినట్టే చూస్తున్నారు. ఆ క్షణంలో ఆమెకి చావు భయంకన్నా ముందు పరువు భయం వేసింది. తర్వాత చాలా రోజులు ఆమె సిగ్గుపడింది అందుకే. అంతలో ఏడుకొండలు మూలిగాడు.

"దేవుడు చెప్పలేదు పార్వతీ" అంది హన్నమ్మ.

"ఏంటి?"

"నాతో ఆయనేం చెప్పలేదు. నేనే అన్నాను. నీ ఏడుపు చూళ్ళేక, అందరూ చూస్తున్నారని అన్నాను. అబద్ధమాడాను. లే, హాస్పిటల్‌కి పోదాం. ముందు లే!"

పార్వతి ఆమెను అర్థంకానట్టు చూసింది. ఆ చూపుకి నిలవలేక హన్నమ్మ వీధిలోకి పరిగెత్తి, రైలు గేటు దగ్గర ఆటో స్టాండులో ఉన్న భర్తని కేకేసింది. అంబులెన్సు రావడానికి అరగంట పడుతుందన్నారు. అందుకని బాలశౌరి ఆటోలోనే పడుకోబెట్టారు. నొప్పొస్తే వాడమని డాక్టరు అప్పట్లో ఇచ్చిన మాత్ర పార్వతి కొంగుముడిలోనే ఉంది. అది నాలుక కింద పెట్టారు.

ఇబ్రహీంపట్నం దాటి, గుంటుపల్లి మీదుగా ఆటో పోతోంది. పార్వతి భర్త తల ఒళ్ళో పెట్టుకుంది. హన్నమ్మ కింద కూర్చుని అతని పాదాలు పట్టుకుంది. గొల్లపూడి దగ్గర లారీలు అడ్డం పడ్డాయి. బాలశౌరి హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. పార్వతి ఒక్కసారి కూడా హన్నమ్మ వంక చూడలేదు.

హన్నమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. అలవాటుగా "సర్వోన్నతుడా" అంది మనసులో. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ళుగా నోటికొచ్చిన వాక్యాలన్నీ పిలిస్తే పలకలేదు. గొప్ప గొప్ప మాటలు ఎవరికోసం వాడిందో అప్పుడు తెలిసింది. చేతుల్లో ఉన్న పాదాలు చల్లగా తగిలాయి. చివరికి ఆమెకి మిగిలింది ఒక్కటే.

'తండ్రీ, నాకేం తెలీదు. నీ పేరు చెప్పి నా మాట అన్నాను. నా తప్పుకి ఈ మనిషిని తీసుకుపోకు.'

అంతకుమించి రాలేదు. దాన్నే మళ్ళీ మళ్ళీ అనుకుంది. మధ్యలో మాటలు కూడా పోయి, ఊరికే 'తండ్రీ, తండ్రీ' అని మాత్రం మిగిలింది.

విజయవాడ ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచరు సిద్ధంగా ఉంది. అతన్ని లోపలికి తీసుకుపోయారు. పార్వతి ఒక బెంచీ మీద, హన్నమ్మ ఎదురుగా గోడ దగ్గర నేల మీద. బాలశౌరి ఇద్దరికీ టీలు తెచ్చాడు. ఇద్దరివీ చల్లారిపోయాయి.

గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. "సమయానికి తెచ్చారు. ఒక నాళం పూర్తిగా మూసుకుపోయింది, తెరిచి స్టెంట్ వేశాం. మాట్లాడుతున్నాడు. గండం గడిచిందమ్మా."

పార్వతి బెంచీ మీద నుంచి జారి నేల మీదే కూర్చుండిపోయింది. హన్నమ్మకి ఒంట్లో ఉన్న బరువంతా ఎవరో దించేసినట్టయింది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది, పొద్దుటినుంచీ పీల్చనట్టు.

డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ, "మొన్ననే యాంజియోగ్రామ్ రాశారు కదా. ఎందుకు చేయించలేదు?" అంది.

పార్వతి తల దించుకుంది. హన్నమ్మ లేచి నిలబడింది. "నావల్లండీ. అక్కర్లేదని నేనే చెప్పాను. ప్రార్థన చేస్తాను కదండీ, దేవుడే చెప్పాడన్నాను."

డాక్టరమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ప్రార్థన చెయ్యండి, ఎవరొద్దన్నారు? మా అమ్మా చేస్తుంది. కానీ ఇంకెప్పుడూ వైద్యం మానమని మాత్రం చెప్పకండి. ఈసారి అదృష్టం బాగుంది."

"అలాగేనండీ" అంది హన్నమ్మ. బళ్ళో దెబ్బలు తిన్న పిల్లలా వినబడింది ఆ గొంతు ఆమెకే.

డాక్టరమ్మ వెళ్ళాక పార్వతే మాట మొదలుపెట్టింది. "నువ్వు చెప్పకపోయినా ఆయన వెళ్ళుండేవాడు కాదేమో వదినా. సూదంటేనే చచ్చేంత భయం. నీ మాట సాకైంది. కానీ నేను మాత్రం నిజంగా నమ్మాను. అదే నాకు కష్టంగా ఉంది."

"తెలుసు పార్వతీ."

"కోపం కూడా ఉంది."

"ఉండనీ. నేను ఎక్కడికీ పోను, పక్కింట్లోనే కదా ఉండేది."

పార్వతి ఏడుస్తూనే నవ్వింది. కాసేపయ్యాక లేచి బెంచీ మీద కూర్చుని, పక్కన చోటిచ్చింది.

ఆ శుక్రవారం వరండాలో నలభైమంది ఎప్పటిలాగే కూర్చున్నాక హన్నమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. "నాకు దేవుడు చెప్పాడని నేనన్నవాటిలో నాకు నిజంగా తెలిసింది ఒక్కటీ లేదు. మీలో ఎవరైనా నా మాట పట్టుకుని మందు మానినా, పని మానినా, ఇవాళే మళ్ళీ మొదలుపెట్టండి. నన్ను క్షమించండి." ఒకావిడ విసురుగా కుర్చీ జరిపి లేచిపోయింది. పై వారానికి పదకొండుమందే మిగిలారు.

చెప్పినంత మాత్రాన సరిపోదని ఆమెకి తోచింది. తన మాట తీసుకుని వెళ్ళినవాళ్ళని గుర్తు చేసుకుని ఒక్కొక్క ఇంటికీ వెళ్ళింది. అన్నిటికన్నా భయపడింది సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళడానికి. డెబ్బై దాటిన మనిషి. రెండేళ్ళ కిందట "నీ షుగరు పోయిందమ్మా" అని హన్నమ్మ ఆమెకి అందరి ముందూ చెప్పేసింది. వెళ్ళేసరికి ముసలావిడ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"పెద్దమ్మా, షుగరు మాత్రలు మానేశావా?"

"ఎందుకు మానతానే?"

"నేను అప్పుడు..."

"అన్నావులే. నువ్వు ప్రార్థన చేశావు, నేను మాత్ర వేసుకున్నాను. రెంటిలో ఏది పనిచేస్తుందో మనకేం తెలుసు? ఒక్కటైనా ఎందుకు పోనివ్వాలి?" అంటూ ముసలావిడ చిక్కుళ్ళు దులిపింది.

హన్నమ్మ గుమ్మంలోనే కూలబడి నవ్వింది. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో సంపూర్ణమ్మకి అర్థం కాలేదు, అయినా తనూ నవ్వింది.

ఆదివారం ఆరాధన అయ్యాక జయంత్ అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "నాకు ప్రార్థన చెయ్యడం రాదండీ, ఇప్పుడు తెలిసింది" అంది. అతను నవ్వలేదు, ఉపదేశం కూడా చెయ్యలేదు. "నాకూ సరిగ్గా రాదమ్మా. ఇద్దరం నేర్చుకుందాం" అన్నాడు.

ఇప్పుడు వరండాలో మిషను మళ్ళీ దాని చోటికి వచ్చేసింది. మిగిలినవాళ్ళు చుట్టూ కూర్చుని ఎవరి సంగతి వాళ్ళే రెండు మాటల్లో చెప్పుకుంటారు. మాటలు రానివాళ్ళు ఊరికే కూర్చుంటారు. హన్నమ్మ గొంతు పక్కింటి దాకా కూడా వినబడదు. ఎవరి భవిష్యత్తూ తన నోట మోయక్కర్లేదన్న సంగతి ఆమె ఒంటికి పట్టింది. మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతోంది. ఇన్నేళ్ళూ శుక్రవారం వస్తోందంటే కడుపులో ఉండే బిగువు పోయింది. అది భక్తి అనుకునేది ఆమె.

ఆరు వారాల తర్వాత ఒక శుక్రవారం ఏడుకొండలు తనంతట తానే నడుచుకుంటూ వచ్చి, చివరి కుర్చీలో కూర్చున్నాడు. పార్వతి పక్కనే ఉంది. అందరి వంతూ అయ్యాక అతను గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మళ్ళీ డ్యూటీకి పోతున్నాను సోమవారం నుంచి. నాకేం కాదంటావా?"

హన్నమ్మ అతని ముఖంలోకి చూసింది.

"నాకు తెలీదు తమ్ముడూ. డాక్టరమ్మ ఏమన్నారు?"

"మెట్లు ఎక్కువ ఎక్కొద్దన్నారు. నెలకోసారి రమ్మన్నారు."

"అయితే అలాగే చెయ్యి. తప్పకుండా వెళ్ళు. మేమందరం నీకోసం అడుగుతాం."

"అమ్మయ్య" అన్నాడు ఏడుకొండలు. అందరూ నవ్వారు. హన్నమ్మ తల వంచి, అతని కోసం అడగడం మొదలుపెట్టింది.