డ్రైవరన్న గిటారు నాటకం

డ్రైవరన్న పోయాడన్న వార్త పొద్దున్నే వాట్సాప్‌లో వాయిస్‌గా వచ్చింది. ఇక్కడ కువైట్‌లో, సబా అల్ సలేంలో ఆయన పనిచేసే ఇంటి వంటామె పంపింది. బండి తుడుస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడట, మళ్లీ లేవలేదు. జాబ్రియాలో మేం మామా అని పిలిచే మా యజమానురాలి వంటింట్లో చేపలు కడుగుతున్నదాన్ని కొళాయి కట్టేసి ఏడ్చాను. మామా వచ్చి, ఎవరు పోయారని అడిగింది. నాటకాల అన్న అని చెప్పాను. ఆయన డ్రైవరని చెప్పాలని నాకు తోచనే లేదు.

కువైట్‌లో మన తెలుగు ఫంక్షన్లలో ఇవాళ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మైకు పట్టుకుని సొంత పాటలు పాడుతున్నారంటే కారణం ఆయనే. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. అంతకుముందు అక్కడ మా పని బిర్యానీ వడ్డించడం.

అంతా ఒక క్యాసెట్‌తో మొదలైంది. అన్న పనిచేసే ఇంటి పెద్దాయన, వాళ్ల బాబా, వయసులో అమెరికాలో చదువుకున్నాడు. అక్కడ చూసిన ఒక రాక్ పాటల నాటకం క్యాసెట్‌ను బండిలో పెట్టించుకునేవాడు. యుద్ధానికి వెళ్లం అంటూ జుట్టు పెంచుకున్న కుర్రకారు కథ అది. మొదట జనం ముక్కున వేలేసుకున్నారట, చివరికి వాళ్లే స్టేజీ ఎక్కి చిందులేశారట. ఆ తర్వాతే నాటకశాలల్లోకి గిటార్లు వచ్చాయని, రోడ్డు మీద తిరిగే బట్టలతోనే మనుషులు స్టేజీ మీద పాడడం మొదలుపెట్టారని బాబా చెప్పేవాడట. కువైట్ మీదికి వచ్చిన యుద్ధాన్ని కళ్లారా చూసిన ఇల్లు వాళ్లది. కొన్ని పాటలొచ్చినప్పుడు ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయేవాడని అన్న అనేవాడు.

"మన నాటకాల్లో రాజులే పాడల్ల, రాణులే ఏడవల్ల. ఆ పిల్లోళ్లు ఎవురి బాధ వాళ్లే పాడుకున్న్యారు. మనకేం తక్కువ?" ఇది అన్న మాట.

శుక్రవారాలు హవల్లీలో ఒక చిన్న హాలు చూసుకున్నాం. చర్చిలో గిటారు వాయించే గోదావరి వైపు నర్సు ఒకామె దొరికింది, మా అందరికీ నర్సమ్మే. అన్న రాసిన పనిమనిషి కథే నాటకం, చివరి పాట నాది. పాట ముగిసేసరికి తల మీది స్కార్ఫ్ తీసి జుట్టు విరబోసుకోవాలి. పనిలో ఉన్నంతసేపూ మా జుట్టు బయటకు కనబడకూడదు. ఊళ్లోనేమో విరబోసుకుంటే ఇంటికి అరిష్టం. రాయచోటిలో నా కూతుర్ని పెంచుతున్నది మా అత్త. ఈ వీడియో చూస్తే పిల్లతో ఫోన్ కూడా మాట్లాడనివ్వదేమోనని నా భయం.

"నా వల్ల కాదన్నా" అన్నాను.

"సరేలే మ్మా. జుట్టు ఇప్పని పాటకు గిటారెందుకు, హార్మోనియం చాలు."

మా నాయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడని తెలిసే అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఆయనకు కావలసిందీ అదే.

నాటకం రోజు స్కార్ఫ్ తీసి విరబోసుకున్నాను. అంతలో వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. పద్యనాటకాల మధ్య పెరిగినదాన్ని, వన్స్ మోర్ అంటే మొదటినుంచీ పాడాల్సిందే. ఇంకేమీ ఆలోచించకుండా జుట్టు ముడేసి, స్కార్ఫ్ కట్టి, మొదటి చరణం ఎత్తుకున్నాను. నర్సమ్మ గుడ్లప్పగించి నన్నే చూసింది. రెండోసారి నా చెయ్యి స్కార్ఫ్ మీదికి వెళ్లేసరికి ముందు వరుసలో ఒకామె తన స్కార్ఫ్ లాగేసింది. పక్కనామె కూడా. చూస్తుండగానే హాల్లో ఉన్న ఆడవాళ్లందరూ.

నాటకం పాడుచేశానని తెర వెనక తలదించుకుని నిలబడ్డాను. అన్న వచ్చాడు.

"తప్పు నీది కాదు మ్మా, రాసినోనిది. రెండో తూరి ఉండాదని నాకు తోచలా."

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఆ పాట రెండుసార్లే. మా అత్త వీడియో చూసి ఫోన్ చేసింది. "జుట్టుకు నూనె పెట్టేది మానేసినావా ఏంది?" అని మాత్రం అడిగి, ఫోన్ నా కూతురికిచ్చింది. ఆ రోజు నేను పడిన సంతోషానికి అన్నకు ఎంత రుణపడి ఉన్నానో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అన్నను పెట్టెలో ఊరికి పంపించాక వచ్చిన శుక్రవారం అదే హాల్లో కలుసుకున్నాం. నా పాట పాడాను. స్కార్ఫ్ తీశాను. సంతాప సభ కదా, వన్స్ మోర్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. విరబోసుకున్న జుట్టుతో అలాగే నిలబడిపోయాను, పాట సగంలో ఆగినట్టే ఉంది.

ముందు వరుసలో చక్రాల కుర్చీలో సబా అల్ సలేం బాబా కూర్చుని ఉన్నాడు. తెలుగు ఒక్క ముక్క రాదు ఆయనకు, ఆ పాట రెండుసార్లని అన్న బండిలో చెప్పే ఉంటాడు. చెయ్యి పైకెత్తి, మెల్లగా, "వన్స్ మోర్" అన్నాడు.

నర్సమ్మ గిటారు అందుకుంది. నేను జుట్టు ముడేసుకుని, స్కార్ఫ్ కట్టుకున్నాను.