మా గల్లీల నల్ల ఓపెనింగ్

వారం సంది మా గల్లీల నీళ్లు లేవు. తానం లేక కంపెనీల నా పక్కన ఎవ్వరు కూసుంటలేరు. ఇయ్యాల జీడిమెట్లల డ్యూటీ దిగి మేడ్చల్ వచ్చేసరికి కొత్త నల్ల ఓపెనింగ్ నడుస్తాంది. మా కౌన్సిలర్ సారు దండ ఏసుకొని నల్ల తిప్పిండు, నీళ్లు దుంకినయి.

గోడ ఎనకకు పోయి చూస్తే పైపుకు ట్యాంకరు తగిలించి ఉన్నది. ఫొటో దిగంగనే తీస్కపోతరంట. నాకు నెత్తి కాలింది. అడుగుదామని పోతే మా అవ్వ చెయ్యి గుంజింది.

"లొల్లి జేస్తే బంద్ జేసి పోతరు. నువ్వు ఫొటో తియ్యి."

బిందె నల్ల కింద పెట్టి సారు పక్కన నిలబడ్డది. బిందె నిండినంక, "సారు కండ్లు మూసిండు, ఇంకోటి తియ్యి బిడ్డా" అనుకుంట ఇంకో బిందె పెట్టింది.

అది చూసి ఆడోళ్లంత బిందెలు పట్టుకొని ఫొటోకు లైన్ కట్టిండ్రు. ఓటర్లు ఫొటో అడిగితే సారు కాదంటడా? నవ్వి నవ్వి దవడలు గుంజుతున్నా నిలబడ్డడు. ట్యాంకరు ఖాళీ అయ్యేదాక ఎవ్వరి ఫొటో మంచిగ రాలే.

గెలిచిన కాడికెల్లి సారు మాకోసం ఒళ్లొంచింది ఇయ్యాలనే. మీ దిక్కు ఏమన్న ఓపెనింగ్ ఉంటే చెప్పుండ్రి, మా అవ్వను తోలిస్త.