పలచని తువ్వాళ్ళ బేరం

మా నంద్యాల బజారులో నాకంటే తెలివిగా నష్టపోయినవాడు లేడని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. డెబ్భైల చివర ఆళ్లగడ్డ నుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టిన కొత్తలో, మా వీధి చివరి ముసలివాళ్ళ ఆశ్రమం చూసుకునే అమ్మ తువ్వాళ్ళ కోసం వచ్చింది. దిక్కులేని వాళ్ళకు కదా, ధర కాస్త తగ్గించమంది. తగ్గించడం మా వంశంలో లేదు. మా నాయన కొసరు వేసేవాడు గానీ ధర దిగేవాడు కాదు. నేనూ ఆ దారే పట్టాను. ధర ఇంతే, కొసరు కింద ప్రతి ఆదివారం వచ్చి మీవాళ్ళతో ఆటలాడి కబుర్లు చెబుతాను అన్నాను. ఆదివారం కొట్టు మూసే ఉంటుంది, ఖర్చు లేని సరుకు కదా అని లోపల మురిసిపోయాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఎదుటివాళ్ళు వెంటనే ఒప్పుకున్న బేరంలో మునిగేది మనమేనని మా నాయన చెప్పిన మాట ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

ఆశ్రమం వరండాలో నాపరాళ్ళ మీద సుద్దముక్కతో పులిజూదం పటం గీసి ఉండేది. అహోబిలం గుళ్ళో ఏళ్ళ తరబడి ప్రసాదాలు వండిన పెద్దాయన పులులు తీసుకుని నాకు మేకలు ఇచ్చేవాడు. నేను కావాలనే ఓడిపోయేవాణ్ణి. గెలిచానన్న సంతోషంతో వెళ్ళిన గిరాకీ మళ్ళీ వస్తుందన్నది కొట్లో నేర్చుకున్న పాఠం. కొన్ని వారాలు ఓర్చుకున్న ఆయన ఒకరోజు చెయ్యి ఆపాడు.

“ఏందప్పా, మేకను తెచ్చి పులి నోట్లో పెడ్తాండావ్? నేను వంటోణ్ణి. చప్పిడి కూడు ఏదో నాకు తెల్దా?”

ఆ రోజు నుంచి నిజంగా ఆడటం మొదలుపెట్టాను. ఓడిపోవడం మాత్రం ఆగలేదు.

వరండా చివరి మంచం మీద ఇంకొకాయన ఉండేవాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. గోస్పాడు వైపు మనిషి అన్నది తప్ప ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఎడమచేతి మీద తువ్వాలు కప్పుకుని, వచ్చిన ప్రతివాళ్ళ వైపూ చాపేవాడు. పాపమని ఎవరైనా పైసలు వేస్తే కోపంగా విదిలించేవాడు. మతి పోయిందనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. పైగా తిండి మానేశాడు. ఇలాగే ఉంటే లోపలి గదికి మార్చి చెంచాతో పట్టించాలని డాక్టరు చెప్పి వెళ్ళాడు. వరండా నుంచి రోడ్డు కనబడుతుంది, సంతకు పోయే ఎద్దులు కనబడతాయి. లోపలి గదిలో గోడలే. ఆ మాట విన్నప్పుడు ఆయన మంచం పట్టెను బాగున్న చేత్తో పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదట.

ఆ తర్వాతి ఆదివారం నేను ఆయన మంచం పక్కనుంచి పోతుంటే తువ్వాలు నా వైపు చాచాడు. అది మా కొట్టు తువ్వాలే. ఎంత పలచనిదంటే కింద ఆయన వేళ్ళు ఆడటం నాకు కనబడింది. అప్పుడు తట్టింది. ఆళ్లగడ్డ సంతరోజు ఎద్దుల దళారులు మా నాయన దగ్గరే తువ్వాళ్ళు కొనేవాళ్ళు. వాళ్ళు రంగూ చూడరు, అంచూ చూడరు. కింద చెయ్యి పెట్టి వేళ్ళు బయటికి తెలుస్తున్నాయా అని చూస్తారు. ఎందుకంటే వాళ్ళ బేరమంతా దాని కిందే, నోరు విప్పకుండా, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని. పట్టుకున్న వేళ్ళెన్నో ధర అంత. వేలి నడిమి కణుపు నొక్కితే సగం.

తువ్వాలు కింద నా చెయ్యి దూర్చాను. ఆయన పట్టు చూస్తే పక్షవాతం మనిషిలా లేడు. ఆశ్రమం అమ్మను పిలిచాను.

“అడుక్కునేది కాదమ్మా ఇది. బేరం చేస్తాండాడు.”

దేనికి బేరమని ఆమె అడిగింది. అది నాకూ తెలియదు. వేళ్ళు అంకె చెబుతాయి గానీ సరుకు చెప్పవు. అందుకని సరుకు నేనే పెట్టాను.

“పెద్దాయనా, మంచం ఈడనే ఉండాలంటే సంగటి తినాల. పూటకు ఎన్ని ముద్దలు?”

ఒక వేలు పట్టుకున్నాడు. మూడుకు తగ్గితే లోపలికేనని అమ్మ అంది. ఆయన మూడు వేళ్ళు పట్టుకున్నాను, విసిరికొట్టాడు. కాసేపటికి ఒకటి పట్టుకుని, రెండోదాని కణుపు నొక్కాడు. ఎడమచేతి బేరం నాకు అలవాటు లేక రెండుసార్లు తప్పు చెప్పాను. పులులను వదిలేసి వచ్చిన వంటాయన, జత ఎద్దులైనా ఇంతసేపట్లో అమ్ముడుపోయేవని ఎత్తిపొడిచాడు. చివరికి రెండు ముద్దల దగ్గర అమ్మ తలూపింది. చెయ్యి వదిలితే బేరం ఖాయమైనట్టు. ఆయన వదల్లేదు. పట్టుకున్న నా చేతితోపాటే తువ్వాలును వెలుతురుకు ఎత్తి, దాని వెనక నా వేళ్ళు ఆడించి, నా మొహంలోకి చూశాడు. వరండా అంతటికీ అయిదు వేళ్ళూ కనబడ్డాయి.

“కొసరు అడుగుతాండాడప్పా,” అన్నాడు వంటాయన. “నీ గుడ్డ సంగతి తెల్సిపాయ.”

ఒప్పుకున్నాను. అప్పుడు వదిలాడు. ఆ పూటే రెండు ముద్దలూ తిన్నాడు. మరుసటి ఆదివారం కొట్లో అన్నిటికంటే మందమైన తువ్వాలు పట్టుకుపోతే, కింద చెయ్యి పెట్టి చూసి గానీ తీసుకోలేదు. ఇక ప్రతి ఆదివారం పులిజూదానికి ముందు ముద్దల బేరం. ఆయన ఒకటిన్నరకు లాగేవాడు, నేను రెండున్నరకు. పట్టు సడలిన చివరి రోజుల్లో ఒక ముద్దకు దిగాం. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. మంచం మాత్రం ఆయన పోయేదాకా వరండాలోనే ఉంది.

ఇక లెక్క. ధర తగ్గించి ఉంటే పోయేది ఒక పూట లాభం. తగ్గించనందుకు ఎనభైల్లో సగం దాకా ఆదివారాలు పోయాయి, పులిజూదంలో పరువు పోయింది, మందపాటి తువ్వాలు ఒకటి పోయింది. దళారీ రుసుము ఎవరూ ఇవ్వలేదు. ఎడమచేతి బేరం వచ్చింది. ఆ విద్యతో బేరమాడటానికి మళ్ళీ ఎవరూ దొరకలేదు. ఇంకొకటి కూడా రాయాలి. ఆశ్రమానికి అమ్మిన మిగతా పలచని తువ్వాళ్ళను వాళ్ళు చిరిగేదాకా వాడుకున్నారు. వాటిని నేను మార్చివ్వలేదు.