డెల్మర్ మామయ్య తూటాల షెడ్డు

“ఆ షెడ్డు అంటుకుంటే మంట పాప పడుకునే గది దాకా వస్తుందా, మామయ్యా?”

అడగడానికి మొహమాటపడ్డాను కానీ అడక్క తప్పలేదు. మర్నాటి నుంచి పసిపిల్లను ఆయన ఇంట్లో వదిలి పనిలోకి వెళ్ళబోతున్నాను. డెల్మర్ ష్వాబౌవర్ మా ఆయన కర్టిస్‌కి తండ్రి. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పెరట్లో షెడ్డు నుంచి ఇంటి కిటికీ దాకా చూపుతోనే కొలిచారు.

“రాదు. షెడ్డు పోతుంది. లోపలుంటే నేనూ పోతా. నీకు ముసలాడి పీడ విరగడవుతుంది.”

“నేను నిజంగా అడుగుతున్నాను.”

“నేనూ నిజంగానే చెబుతున్నా. ఉండు.”

లోపలికి వెళ్ళి పాత సాసర్లో చిటికెడు తూటామందు వేసుకొచ్చి, మెట్టు మీద పెట్టి అగ్గిపుల్ల గీశారు. సుర్రుమని పసుపుపచ్చటి మంట లేచి ఆరిపోయింది.

“చూశావుగా. బిగించిన చోట పేలుతుంది, విప్పి ఉంచితే మండుతుంది. నేను బిగించేది తూటాలోనే.”

నేను రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన పిల్లతల్లికి నిద్ర పట్టదు.

ఆయన పుట్టింది ఇక్కడే, పశ్చిమ నెబ్రాస్కాలో, ప్లాట్ నది ఒడ్డున ఉన్న చక్కెర బీటు పొలాల్లో. రష్యాలోని వోల్గా తీరం నుంచి వలస వచ్చిన జర్మన్ కుటుంబం. చిన్నప్పుడు పొట్టి పార పట్టుకుని సాళ్ళలో మోకాళ్ళ మీద పాకుతూ బీటు మొక్కలు పలచన చేసేవారట. బీటు తవ్వకం అయ్యాకే బడి. పెద్దయ్యాక పోస్టు ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా మట్టిరోడ్ల మీద పొలం పొలానికీ ఉత్తరాలు పంచారు. భార్య లవోన్ పోయాక ఆమె పెంచిన కోళ్ళు, ఈ షెడ్డు, ఆదివారం తుపాకీ పోటీ ఆయనకు మిగిలాయి. ఆ పోటీలో దూరాన వరసగా ఇనప కోళ్ళు, పందులు, సీమకోళ్ళు, పొట్టేళ్ళు నిలబెడతారు. పడగొట్టినవాడికి పాయింటు. అందుకు వాడే తూటాలు ఆయనే తయారు చేసుకునేవారు.

“అంగడి తూటా ఊరందరికీ కుట్టిన చొక్కాలాంటిది. నాది నా తుపాకీకి కొలత తీసి కుట్టింది” అనేవారు.

ఆయన అన్న రైన్‌హోల్డ్‌కి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. కుర్రతనంలో తూటాలు నింపుతుండగా ఎవరో పలకరించారు. మాటల్లో పడి ఒకే తూటా గొట్టంలో రెండుసార్లు మందు పోశాడు. దాన్ని కాల్చినప్పుడు తుపాకీ చేతిలోనే పగిలింది. పక్కనే ఉండి చూసిన డెల్మర్ మామయ్య ఆనాటి నుంచి షెడ్డులోకి వెళితే లోపల గడియ పెట్టుకుంటారు. ఫోను వంటింట్లో వదిలేస్తారు. బల్ల మీద ఒక్క రకం మందే ఉంటుంది. పోశాక ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి చూస్తారు. మధ్యలో ఎవరైనా తలుపు కొడితే ట్రేలో ఉన్నవన్నీ ఒంపేసి మళ్ళీ మొదలుపెడతారు.

“ఒరేయ్ డెల్మర్, నీ ఇల్లు తగలబడుతోందని చెప్పడానికొచ్చినా బయట నిలబడాలట్రా?” అని ఆయన స్నేహితుడు ఆర్వల్ బెట్జ్ ఒకసారి తలుపవతల నుంచి అరిచాడు.

“నిలబడు. ఈ ట్రే అవనీ.”

పని అయ్యాక షెడ్డులో వేసుకున్న బట్టలు అక్కడే మేకుకు తగిలించి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునిగాని ఇంట్లో కాలు పెట్టేవారు కాదు. గుళ్ళు సీసంతో చేసినవని ఆయనకు తెలుసు. మెల్లగా నాకు భయం తగ్గింది. పాప టెస్సా ఆయన వేలు పట్టుకుని కోళ్ళ వెంట తిరుగుతూ నడక నేర్చుకుంది. ఆయన పొద్దున్నే ఉడకబెట్టి ఇచ్చే గుడ్డు తప్ప ఇంకేదీ ఇష్టంగా తినేది కాదు.

దానికి రెండేళ్ళు నిండబోతుండగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆ వయసు పిల్లలకు చేసే పరీక్షల్లో సీసం పరీక్ష కూడా ఉంటుంది. రెండు రోజులకు నర్సు ఫోన్ చేసింది.

“కంగారు పడకండి. వేలి నుంచి తీసిన రక్తం కదా, వేలి మీద మురికి వల్ల కూడా ఎక్కువ చూపిస్తుంది. నరం నుంచి తీసి మళ్ళీ చూద్దాం.”

నరం నుంచి తీసినా ఎక్కువే చూపించింది. ఉండదగినదానికి రెండింతలు పైనే.

సీసానికి రుచీ వాసనా ఉండవు. పిల్ల ఆడుతూనే ఉంటుంది, నవ్వుతూనే ఉంటుంది. లోపల కాల్షియం వెళ్ళాల్సిన చోటుకల్లా అది వెళుతుంది. ఎముకల్లోకి, ఇంకా అల్లుకుంటున్న మెదడులోకి. ఇవన్నీ ఎప్పుడో చదివి పరీక్ష రాసి మర్చిపోయిన పేజీలు. ఇప్పుడు ప్రతి వాక్యమూ గుర్తొచ్చింది.

కర్టిస్ బొగ్గు రైళ్ళు నడుపుతాడు. వయోమింగ్‌లో ఏదో స్టేషను నుంచి మాట్లాడాడు.

“షెడ్డే. ఇంకేముంటుంది? పిల్లని అక్కడికి పంపకు.”

“మీ నాన్నతో ఎవరు చెబుతారు?”

“నేను వచ్చేసరికి నాలుగు రోజులు.”

అంటే నేనే చెప్పాలి. పాపను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి ఆర్వల్ కూడా వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. విని, కప్పు కింద పెట్టాడు.

“ఏమ్మా, నువ్వు పనిచేసే చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో లేదా సీసం? బీటు రసం తేర్చడానికి మా కాలంలో అదేగా పోసేవాళ్ళు.”

“ఆర్వల్, నోరు ముయ్యి” అన్నారు మామయ్య.

కానీ ఆ అనుమానం నాకు ముందే వచ్చింది. మా ల్యాబులో ఆ పద్ధతి నేను చేరకముందే పోయింది. అయినా మూడు రోజులుగా నా బూట్లూ కోటూ కారు డిక్కీలోనే వదిలేస్తున్నాను.

మామయ్య లేచి వెళ్ళి షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి నా ముందు బల్ల మీద పెట్టారు.

“నీ దగ్గరుంచు. పాప రక్తం కుదుటపడిందాకా నేను అడగను.”

“ఇంకో మూడు వారాల్లో రాష్ట్ర పోటీ కదరా” అన్నాడు ఆర్వల్.

“అయితే నువ్వెళ్ళు. నాకంటే బాగా గురి తప్పుతావు.”

టెస్సా చేతులు చాపింది. ఆయన ఎత్తుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అది ఏడుస్తుంటే కారెక్కించాను.

సీసం తగిలితే ఎర్రబడే పుల్లలు కొట్లో దొరుకుతాయి. డబ్బాలకు డబ్బాలు కొన్నాను. ఆయన షెడ్డులో బల్ల మీద రుద్దితే పుల్ల ఎర్రబడింది, మేకుకున్న బట్టల మీదా ఎర్రబడింది. ఆయన ఇంట్లో గడపలు, కిటికీలు, బొమ్మలు, కుళాయి, దేని మీదా మరక లేదు. ఆఖరికి గుమ్మం బయట విడిచే ఆయన బూట్ల అడుగున ఎర్రబడింది. దొరికిందనుకున్నాను. పిల్ల ఆ గుమ్మంలోనే కూర్చుని ఆడేది.

పాపను ఊళ్ళో ఒకావిడ దగ్గర వదలడం మొదలుపెట్టాను. అక్టోబరు వచ్చింది, బీటు లారీలు కదిలాయి, ఫ్యాక్టరీలో పగలూ రాత్రీ పని. ఇనుమూ కాల్షియమూ ఉన్న తిండి బాగా పెట్టమన్నాడు డాక్టరు. అవి చాలినంత ఉంటే ఒళ్ళు సీసాన్ని తక్కువ పీలుస్తుంది. టెస్సా మాంసం ఉమ్మేసేది, పాలకూర నేలకేసి కొట్టేది. గుడ్డు మాత్రం తినేది. గుడ్లకు లోటు లేదు. మామయ్య వారం వారం ఒక అట్టపెట్టె నిండా తెచ్చి వరండాలో పెట్టేవారు. లోపలికి వచ్చేవారు కాదు. కిటికీ అద్దం మీద వేలితో కొడితే టెస్సా పరుగెత్తుకొచ్చి అవతలి నుంచి అరచెయ్యి ఆనించేది. వెళ్ళిపోయేవారు. నేను రోజుకు రెండు గుడ్లు పెట్టసాగాను.

ఆరు వారాల తర్వాత మళ్ళీ రక్తం తీశారు. తగ్గలేదు. పెరిగింది.

“పాప ఇంకా తాతగారింటికి వెళుతోందా?” అని అడిగింది నర్సు.

“ఒక్కసారి కూడా వెళ్ళలేదు.”

“ఇంకా పెరిగితే ఆసుపత్రిలో ఉంచి మందు ఎక్కించాల్సి రావచ్చు. ముందు మీ ఇల్లు చూడ్డానికి కౌంటీ ఆరోగ్యశాఖవాళ్ళు వస్తారు.”

మీ ఇల్లు. ఆ మాట చెవిలోంచి పోలేదు. ఆ వారమంతా నేల కడిగాను, కర్టెన్లు కడిగాను, పాప వేళ్ళు ఎర్రబడేలా కడిగాను. ఫ్యాక్టరీ నుంచి రాగానే గరాజులోనే బట్టలు మార్చుకునేదాన్ని. ఎంత కడిగినా ఇంకెక్కడో ఉందనిపించేది.

శనివారం పొద్దున మామయ్య గుడ్లతో వచ్చారు. ఆ రోజు నేను తలుపు తీసి బయటికి వెళ్ళాను. పెరిగిందని చెప్పాను. ఆయన చలిగాలిలోనే వరండా మెట్టు మీద కూర్చున్నారు. పెట్టె ఒళ్ళో ఉంది.

“ఎక్కువా?”

“ఎక్కువే.”

రోడ్డు మీద పోతున్న బీటు లారీలు చూస్తూ అన్నారు.

“నేను రావట్లేదు. షెడ్డు తెరవట్లేదు. మరి నా ఇంట్లోంచి నీ ఇంట్లోకి ఏం వస్తోంది అమ్మాయ్?”

ఆయన తల వంచి ఒళ్ళోని గుడ్ల పెట్టె వంక చూశారు.

“పాప రోజుకెన్ని తింటుంది?”

“రెండు. డాక్టరు చెప్పాక రెండు.” పెట్టె మూత తెరిచి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. “కోళ్ళకేం పెడుతున్నారు?”

“దాణా. వంటింటి తొక్కలు. అంతే.” పెట్టె పక్కన పెట్టి, “నూక” అన్నారు.

“ఏం నూక?”

“మొక్కజొన్న బెండ్లు దంచిన నూక. కాల్చిన తూటా గొట్టాలు మసిపట్టి ఉంటాయిగా. వాటిని ఆ నూకతో కలిపి తిరిగే గిన్నెలో వేస్తే తళతళలాడతాయి. నూక నల్లబడ్డాక కోళ్ళ దొడ్లో పోస్తా. నేల పొడిగా ఉంటుంది, వాసన రాదు. మొక్కజొన్నేగా అని. లవోన్ ఉన్నప్పటి నుంచీ పోస్తున్నా.”

గొట్టం అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ ఉంటుంది. అది పేలినప్పుడు మిగిలే మసిలో సీసం ఉంటుంది. ఆ మసిని నూక పీల్చుకుంటుంది. నూకను గింజ అనుకుని కోడి పొడుస్తుంది. కోడి నుంచి గుడ్డులోకి. తలుపు గడియలన్నిటికీ పుల్ల ఆనించిన నేను గుడ్డు సొనకు ఆనించలేదు.

“ఇప్పుడు పాప ఏం చేస్తోంది?” అన్నారు మామయ్య.

లోపలికి పరుగెత్తాను. టెస్సా ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది. ఒక గుడ్డు అయిపోయింది, రెండోది పిడికిట్లో ఉంది. వేళ్ళు విప్పి లాక్కున్నాను. నోట్లోది వేలితో తీశాను. అది ఊపిరి బిగబట్టి ఏడ్చింది. తలుపు దగ్గర డెల్మర్ మామయ్య నిలబడి ఉన్నారు. అన్ని వారాల తర్వాత గడప దాటబోయి, తన బూట్లు చూసుకుని, బయటే ఆగిపోయారు.

గుడ్లు ల్యాబుకు పంపాం. సందేహం మిగలకుండా రిపోర్టు వచ్చింది. ఆయన మాత్రం దాని కోసం ఆగలేదు. మర్నాడే ఆర్వల్‌తో కలిసి మాస్కులు కట్టుకుని, దొడ్డి నేల తడిపి, పార లోతున మట్టి తవ్వి, సంచులకెత్తి, కౌంటీవాళ్ళు విషపు చెత్త తీసుకునే చోటికి చేర్చారు. ఆ కోళ్ళను ఎవరికీ ఇవ్వడానికి లేదు, తినడానికీ లేదు. అన్నీ లవోన్ పెంచినవాటి పిల్లల పిల్లలే. ఆయనే స్వయంగా కోశారు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఆర్వల్ ఒక్కొక్కదాన్నీ పట్టి అందించాడు.

సీసం పెరిగినంత తొందరగా తగ్గదు. నెలకోసారి రక్తం తీయించాం. ప్రతిసారీ ఫోను మోగితే కర్టిస్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. మొదట పెరగడం ఆగింది, తర్వాత కాస్త కాస్త దిగింది, మే నెలలో ఉండదగిన గీత కిందికి వచ్చింది. ఎముకల్లో ఎంత దాగి ఉందో, అది రేపు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. టెస్సా గబగబా మాట్లాడుతుంది. కొత్త మాట నేర్చినప్పుడల్లా నేను రహస్యంగా సంతోషిస్తాను.

ఫలితం వచ్చిన సాయంత్రం పాపను తీసుకుని తాళంచెవి ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన దాన్ని జేబులో వేసుకున్నారు కానీ షెడ్డు తెరవలేదు. నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ మూతలు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు రెండు, ఇంకా ఖాళీవే, కొత్తగా పెట్టి ఉన్నాయి.

“ఇకనుంచి గొట్టాలు నీళ్ళతో కడుగుతా. ఆ నీళ్ళు ఇందులోకే. నిండాక కౌంటీ చోటికి నేనే తీసుకెళ్ళి, వాళ్ళు దేన్లో పోస్తారో నిలబడి చూసి వస్తా.”

“మీరు చూడక్కర్లేదేమో మామయ్యా, వాళ్ళు చూసుకుంటారు.”

“అట్లా అనుకునేగా ఇంతదాకా వచ్చింది.” టెస్సా ఆయన ప్యాంటు పట్టుకుని లాగుతోంది. ఆయన దాన్ని ఎత్తుకుని, చొక్కా కాలరు సరిచేసి, నాతో అన్నారు: “లోపల చేసేదంతా నేను కళ్ళలో వత్తులేసుకుని చూశాను అమ్మాయ్. తలుపు దాటాక ఏనాడూ చూడలేదు. నువ్వు మాత్రం దేన్నయినా పారబోసి వెనక్కి తిరగకు. దాని వెంట నడిచి వెళ్ళు. అది ఎక్కడ ఆగుతుందో, దాన్ని ఎవరు ముట్టుకుంటారో చూసి, అప్పుడు రా.”

నిన్న పొయ్యిలో బూడిద ఎత్తాను. బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, గాలి ఎటు వీస్తోందో చూసి, అది వెళ్ళి వాలే వైపు నడిచాను. కంచె అవతల పొరుగువాళ్ళ పిల్లలు ఇసుకలో ఆడుతున్నారు. బకెట్టుకు మూత పెట్టి ఇంట్లోకి తెచ్చేశాను.