ఫిడేలు పొట్టలో ప్రాణం

జిగురత్తకు ఆ పేరు వీధి పెట్టింది. ఫిడేళ్లు బాగుచేసే కొట్టు మామగారిది. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక కొడుకు ఆ బల్ల ముందు కూర్చోనన్నాడు, కోడలు కూర్చుంది. అప్పటినుంచి ఆవిడ గోళ్ల సందుల్లో జిగురే. ఎంత కడిగినా ఆ వాసన పోదని ఆడపడుచు ముక్కు మూసుకునేది, కూర్చోవడానికి మాత్రం ఆ బల్ల పక్కనే చోటు చూసుకునేది.

ఆ కొట్టులో ప్రాణం అంటే ఒక పుల్ల. ఫిడేలు పొట్టలో పై చెక్కకూ వెనక చెక్కకూ మధ్య నిటారుగా నిలబడే పుల్ల. అది నిలబడితే ఫిడేలు పాడుతుంది, పడిపోతే వట్టి డొల్ల. దానికి మేకు ఉండదు. జిగురత్త చేతిలో ఉన్నా సరే, జిగురూ ఉండదు. తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే తీగలు మార్చేవాళ్లు ఒకటి తీసి ఒకటి వెయ్యాలి, అన్నీ ఒక్కసారే ఊడదీయకూడదు. ఈ చిన్న సంగతి వంటపట్టని వాళ్ల పుణ్యమా అని జిగురత్త ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ మధ్యాహ్నం ఒక తల్లీ కూతురూ ఆయాసపడుతూ వచ్చారు. ఆ పిల్ల తండ్రి పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడు, పోయి ఏడాది కాలేదు. సాయంత్రం ఎదురు హాల్లో ఆయన జ్ఞాపకార్థం కచేరీ. కూతురు ఆయన ఫిడేలే వాయించాలి. కొత్త తీగలు వేద్దామన్న సంబరంలో ఆ పిల్ల పాతవన్నీ ఒకేసారి విప్పేసింది. లోపల టక్కుమని ఏదో రాలింది.

తల్లి ఇంకా కూర్చోకముందే షరతు పెట్టింది.

"అక్కా, ఆ పుల్ల మాత్రం మార్చకు. మనిషి పోయినా ఆత్మ పోదని అందరూ చెప్పారు, ఎక్కడికి పోతుందో ఒక్కరూ చెప్పలేదు. నేనే వెతుక్కున్నాను. ఆయన అందులో ఉన్నాడు."

జిగురత్త నోరు తెరిచేలోపు ఆడపడుచు అందుకుంది. వీధిలో పిల్లలందరికీ కథలు చెప్పేది ఆవిడే.

"కథల్లో రాక్షసుడు ప్రాణాన్ని చిలకలో దాస్తాడమ్మా. మీ ఆయన నయం, ఫిడేల్లో దాచాడు. మేత ఖర్చు లేదు."

కూతురు నవ్వబోయి తల్లిని చూసి ఆగిపోయింది.

జిగురత్త ఫిడేలు తిరగేసి కుదిపి, పొట్ట మీది కంతలోంచి పుల్లను బయటికి రప్పించింది. రెండు కొసలూ అరిగి, నడుమ నిలువునా చీలి ఉంది. అయినా వంకర కొంకికి గుచ్చి లోపల నిలబెట్టి చూసింది. వాలిపోయింది. తలకిందులు చేసి పెట్టింది. మళ్లీ వాలిపోయింది. ఎదురుగా హాల్లో మైకు అప్పుడే దగ్గడం మొదలుపెట్టింది. కొత్తది పెట్టేసి పాతదేనని చెప్పెయ్యమని ఆడపడుచు కన్ను గీటింది. జిగురత్త అటు చూడనైనా లేదు. తన చేతి పనిని ఇంకో పుల్ల పేరు మీద చెలామణి చేసే ఖర్మ ఆవిడకేం పట్టలేదు.

"చెల్లీ, ఇది ఇక నిలబడదు. నువ్వు ఏడ్చినా నిలబడదు, నేను తిట్టినా నిలబడదు. కొత్తది పెడతాను, వద్దంటే పట్టుకుపో."

తల్లి పాత పుల్లను గుప్పిట్లో బిగించింది. "పెట్టు," అంది. "ఆయన గొంతు రాకపోతే మాత్రం పిల్లని స్టేజీ ఎక్కనివ్వను."

ఆ మాటతో కూతురు ముఖంలో రక్తం లేదు. జిగురత్తకు మాత్రం ఒంట్లో చురుకు పుట్టింది. బాగా ఆరిన తేలిక చెక్క ఏరి, చెక్కి, మామగారు నేర్పిన చోట, తీగల్ని మోసే గుర్రం కాలికి కాస్త వెనకగా నిలబెట్టింది. తీగలు బిగించారు. కూతురు కమాను వేసింది. ఫిడేలు గొంతు గంటలా మోగింది. జిగురత్త తనను తానే మెచ్చుకుంటూ తల ఊపింది.

తల్లి లేచి నిలబడింది. "ఎవరో బాగా పాడుతున్నారక్కా. ఆయన కాదు."

పనికి వంక పెడితే ఊరుకునే మనిషి కాదు జిగురత్త. తీగలు వదులు చేసి, కంతలోంచి దీపం వెలుగు పంపి, పళ్ల డాక్టరు పారేసిన బుల్లి అద్దం దూర్చి చూసింది. తన పుల్ల నున్నటి చెక్క మీద దర్జాగా నిలబడి ఉంది. దానికి ఇవతలగా, ఫిడేలు నడుము వైపు, కందిబద్దంత గుంట. పాత పుల్ల ఏళ్ల తరబడి నిలబడ్డ చోటు. కొలత చేతిలో ఉంది కదా అన్న ధీమాతో లోపలికి ఒక్కసారైనా చూడలేదు తను. ఆ కోపం ఇంకొకరి మీదికి మళ్లింది.

"ఇక్కడ పెట్టిన పనికిమాలినవాడు ఎవడు?"

"ఆయనే," అంది తల్లి. "వంటింట్లో చెంచా వంచి మరీ తోసుకున్నాడు. ఆ చెంచా మళ్లీ కూరకి పనికిరాలేదు."

ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. జిగురత్తకు నవ్వే తీరిక లేదు. అక్కడ పొట్ట లోతు వేరు, పుల్ల మళ్లీ చెక్కాలి. చెక్కింది, పొడుగు ఎక్కువయింది. ఇంకాస్త గీరింది, జారింది. హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. కూతురు గుమ్మానికీ బల్లకూ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. చివరికి పుల్ల గుంటలో కూర్చుంది, చటుక్కున, తన ఇల్లు తనకు తెలిసినట్టు.

కమాను పడింది. కింది తీగ కాస్త బొంగురుగా, పొద్దున్నే లేచి ఇంకా గొంతు సవరించుకోని మనిషిలా పలికింది. మామగారు వింటే చెవి మెలిపెట్టే పలుకు. జిగురత్త కొంకి బల్ల మీద పెట్టేసింది.

తల్లి కళ్లు మూసుకుంది. పాట నడిచింది, వంపు తిరిగింది, ఉత్సాహం పట్టలేక ఉరికింది. అంతే, ఆవిడ కళ్లు తెరవకుండానే కసిరింది.

"ఎక్కడికా పరుగు? పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతున్నా, ఆ చోట నిదానించమని. వింటేగా."

కమాను ఆగిపోయింది. తను ఎవరిని తిట్టిందో అప్పుడు తెలిసొచ్చి ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. పాత పుల్ల ఎప్పుడు గుప్పిట్లోంచి జారిందో, బల్ల కింద రంపపు పొట్టులో పడి ఉంది. కూతురు కన్నీళ్లతోనే నవ్వుతూ, మిగతా తిట్లు హాల్లో తిట్టుకోవచ్చని తల్లి చెయ్యి పట్టుకుంది. జిగురత్త ఫిడేలు ఎవరికీ ఇవ్వలేదు. చేతులైనా కడుక్కోకుండా తనే మోసుకుంటూ, దారివ్వమని జనాన్ని అదిలిస్తూ, వీధి దాటి నేరుగా స్టేజీ మెట్ల దాకా వెళ్లింది.