దారం కట్టిన చెయ్యి

లెట్రిన్ తలుపు సగం తెరిచి ఉంది. లోపల చైత్ర గొంతుకూర్చుని ఉంది. బయట ఆమె తల్లి ఉషారాణి నిలబడింది. నిలబడిందని చెప్పడమే గానీ కాలు ఒకచోట ఆనడం లేదు. తీగ మీది బట్టలు తిరగేసింది. బకెట్ జరిపింది. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది.

“అయిందా పాపా?”

“అయింది.”

“కడుక్కో మరి.”

చెంబు బకెట్‌కు తగిలిన చప్పుడు. నీళ్లు పడిన చప్పుడు. కాసేపటికి చైత్ర రెండు చేతులూ ముందుకు చాపుకుని బయటికి వచ్చింది. రెండూ తడిగా ఉన్నాయి.

“ఏ చేత్తో కడుక్కున్యావు?”

పాప ఒక చెయ్యి చూపింది. కాసేపు ఆలోచించి రెండోది చూపింది.

ఉషారాణి కళ్లు మూసుకుని తెరిచింది. సోమవారం దగ్గర పడుతోంది.

ఆమెది పరిగి పక్కన పల్లె. పెళ్లికి ముందే హిందూపురం గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టేది. ధర్మవరం కోడలయ్యాక కూడా కంపెనీ బస్సెక్కి పోయి వచ్చేది. చైత్ర కడుపులో పడ్డాక మానేసింది. అప్పటినుంచీ ఇంట్లోనే ఉంది. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని గుంతలో భర్త రఘునాథ్ కూర్చుంటాడు, ఇంకొకదాని గుంతలో అత్త వెంకటక్క. ఉషారాణి కండెలకు దారం చుడుతుంది, వంట చేస్తుంది, బిడ్డకు కడుగుతుంది. నిద్రలో ఆమె కాలు మిషను పెడల్ తొక్కుతుందని రఘునాథ్ నవ్వుతుంటాడు. ఆమెకు మాత్రం నవ్వు రాదు.

మొన్న సూపర్‌వైజర్ ధనలక్ష్మి ఫోన్ చేసింది. “సోమవారం కొత్త లైను మొదలు. నీ మిషను పెట్టిచ్చినా. నువ్వు రాకుంటే ఇంకొకరిని కూర్చోబెడతారు ఉషా. తర్వాత నన్ను అనొద్దు.”

వెంకటక్క వద్దనలేదు.

“పో. అన్నం పెడతా, నిద్ర పుచ్చుతా, కతలు చెప్తా. కడిగే పని మాత్రం నా నెత్తిన పెట్టొద్దు. తడి చేతుల్తో పట్టు ముట్టేదానికి లేదు. ఆరేదాంక కూచుంటే మగ్గం నడవదు.”

“మీ కొడుకు ఉండాడు గదత్తా.”

గుంతలోంచి రఘునాథ్ అన్నాడు. “నా చేతులు మాత్రం వేరేవా? నేను ముట్టేదీ పట్టే.”

వాదించడానికి ఏమీ లేదు. ఆ ఇంట్లో పట్టుకూ నీళ్లకూ పడదు. నీళ్ల కుండ వాకిట్లోనే ఉంటుంది. మొహం కడుక్కున్నవాళ్లు చేతులు ఆరేదాకా మగ్గాల గది గడప దాటరు. ఒక్క చుక్క మచ్చ పడినా చీర వెనక్కి వస్తుంది. వానాకాలం గోడ చెమ్మ చూసి వెంకటక్క అన్నం సరిగా తినదు. చైత్ర పాకే రోజుల నుంచీ ఆ గడప దగ్గర ఎక్కువగా విన్న మాట ఒకటే. తడి చెయ్యి, ఆడనే నిలబడు.

దొడ్డికి కూర్చోవడం పాపకు తొందరగానే వచ్చింది. హిందూపురం నుంచి తెచ్చిన నీలం ప్లాస్టిక్ కుర్చీ మీద మొదలుపెట్టి, అది వదిలేసి, పెద్దవాళ్లలా లోపలికి పోవడం దాకా వచ్చింది. ఎప్పుడు పోవాలో తనే చెబుతుంది. కడుక్కోవడమే కుదరడం లేదు. ఒకసారి ఆ చెయ్యి, ఒకసారి ఈ చెయ్యి. కడిగిన చేత్తోనే అన్నం కలిపితే వెంకటక్క కంచం లాక్కుంది. పాప ఏడ్చింది. ఉషారాణి కూడా తినలేదు.

ఆ మధ్యాహ్నం ఉషారాణికి ఒక ఉపాయం తోచింది. మగ్గం మీంచి చీర కోసినప్పుడు మిగిలిన ఎర్ర పోగులు గూట్లో ఉన్నాయి. నాలుగు పోగులు తీసి తొడ మీద పేనింది. పాప ఎడమ చేతి మణికట్టుకు కట్టింది.

“దారం ఉండేది కడిగే చెయ్యి. దారం లేనిది తినే చెయ్యి. చెప్పు.”

“దారం కడిగేది. ఇది తినేది.”

చైత్రకు ఆ దారం నచ్చింది. వీధంతా చూపించుకుని వచ్చింది. పక్కింటి షంషున్నీసా పడుగు పోగులు అతికే మనిషి, వేళ్లు ఎంత చురుకో నోరూ అంతే చురుకు. “ఏమే, మొలతాడు చేతికెక్కిందేమే?” అంది. పాప కోపంగా చెయ్యి వెనక్కి దాచుకుంది.

ఆ పూట అన్నం తప్పులేకుండా కుడిచేత్తో తిన్నది. వెంకటక్క తల ఊపింది. “బాగుండాది ఉపాయం.”

ఉషారాణి బస్సుకు కట్టుకునే చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

మర్నాటి నుంచీ చైత్ర లోపలికి పోవడం మానేసింది.

“వస్తాందా పాపా?”

“రాలేదు.”

పొద్దున అడిగినా రాలేదు. మాపున అడిగినా రాలేదు. తలుపు మూలలో కాళ్లు మెలిపెట్టుకుని నిలబడేది. మొహం కందిపోయేది. ఎత్తుకుని తీసుకుపోతే గడప దగ్గరే తలుపు చెక్క పట్టుకుని వదిలేది కాదు. కడుపు గట్టిపడింది. ఉషారాణి ఎండుద్రాక్ష నానబెట్టి పెట్టింది. గోరువెచ్చని నీళ్లు తాపింది. షంషున్నీసా గోడ మీంచి ఆముదం అంది. ఇంకెవరో దిష్టి అన్నారు.

“వచ్చినప్పుడు వస్తాది లే,” అన్నాడు రఘునాథ్.

“సోమవారం కూడా వచ్చినప్పుడే వస్తాదా?”

అతను మళ్లీ పడుగు పోగుల మధ్యకు నాడె విసిరాడు. మగ్గం చప్పుడు ఆమె తలలో కొట్టుకుంది. వాకిట్లోకి పోయింది, లోపలికి వచ్చింది. కండె చుట్టబోతే పోగు తెగింది. తను ఎక్కడ తొందరపెట్టిందో వెతుక్కుంది. గట్టిగా అరిచిందా. అరిచింది, ఒకసారి. దానికే ఇంత భయపడిందా. ఫోన్ తీసి ధనలక్ష్మికి రానని చెబుదామనుకుంది. పేరు దాకా పోయి వెనక్కి వచ్చింది.

ఆదివారం పొద్దున ఇక పాప ఒంటికి ఓపిక లేకపోయింది. చైత్ర పరిగెత్తింది. గౌను ఎత్తిపట్టుకుని తనే లోపల కూర్చుంది. ఉషారాణి వెనకే పోయి తలుపు పక్కన గోడకు ఆనుకుంది. ఊపిరి బిగబట్టింది.

అయింది. చెంబుతో నీళ్లు పోసుకున్న చప్పుడూ అయింది. ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు.

తొంగిచూసింది. పాప కుడిచేత్తో చెంబు పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి తలపైకి ఎత్తి ఉంది, బడిలో జవాబు తెలిసిన పిల్లలా.  దించడం లేదు.

“ఆ చేత్తోనే కడుక్కోవాల పాపా.”

“తడుస్తాది.”

“తడవనీ.”

“పట్టు అమ్మా. పట్టు తడిస్తే అవ్వ తిడతాది.”

ఉషారాణి తలుపు పట్టుకుంది. తడవాల్సిన చేతికి, తడవకూడనిది తెచ్చి తనే కట్టింది. బిడ్డ ఇన్ని పూటలు కడుపు బిగబట్టుకుని దాన్ని కాపాడింది.

“ఇది ఉత్త దారం లే.”

“కాదు. పట్టు.” సాలె ఇంటి బిడ్డను ఆ విషయంలో ఎవరూ మోసం చేయలేరు.

“విప్పేద్దాం రా.”

చైత్ర పిడికిలి బిగించింది. “నాది.”

“అత్తా,” అని పిలిచింది ఉషారాణి. మగ్గం నడిచేటప్పుడు ఆమెను పిలవడం అదే మొదలు. లోపల ఒక మగ్గం ఆగింది. వెంకటక్క గుంతలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని, వాకిట్లోకి వచ్చింది. జరిగింది విన్నది. పాప వైపు తిరిగింది.

“నేనెప్పుడు తిట్నానే నిన్ను?”

“నిన్న తిట్నావు,” అంది చైత్ర. “మొన్న గూడా.”

 వెంకటక్క ఆ తలుపు దగ్గరే కింద కూర్చుంది. బకెట్‌లో చెయ్యి పెట్టి చేరెడు నీళ్లు తీసింది. పాప చెయ్యి దగ్గరికి లాక్కుని దారం మీద పోసింది.

చైత్ర దారం చూడలేదు. అవ్వ నోటి వైపు చూసింది. తిట్టు రాలేదు.

“మగ్గం మీది పట్టు తడపకూడదు. చేతి మీదిది తడపచ్చు. నేను చెప్తాండా గదా.”

మణికట్టు మీంచి లేత ఎరుపు నీళ్లు కారాయి.

“రంగు పోతాంది అవ్వా.”

“పోనీ. కడుక్కో.”

ఉషారాణి లోపలికి పోలేదు. చేతులు తమంతట తామే ముందుకు పోతుంటే వెనక్కి కట్టుకుంది. పాప ఎడమచెయ్యి దించింది. మెల్లగా, తప్పుగా, నీళ్లు కాళ్ల మీదంతా పోసుకుంటూ కడుక్కుంది. సబ్బు జారిపోతే వెతికి పట్టుకుంది. నురగ కూడా గులాబీ రంగులో వచ్చింది.

తర్వాత వెంకటక్క ఎండలో మెట్టు మీద కూర్చుంది, అరచేతులు పైకి పెట్టి. పక్కన చైత్ర కూడా అట్లే కూర్చుంది.

“మగ్గం నిలిచిపోయిందేమ్మా?” లోపల్నుంచి రఘునాథ్ అడిగాడు.

“చేతులు ఆరనీరా,” అంది వెంకటక్క.

సోమవారం కంపెనీ బస్సులో ఉషారాణికి కిటికీ పక్క సీటు దొరికింది. బయటికి చూడలేదు. చెన్నేకొత్తపల్లి దాటిపోయింది. చేతిలో ఫోన్ చెమటకు జారుతోంది. తనుగా ఇంటికి ఫోన్ చేయకూడదనుకుంది. పెనుకొండ కొండ కనిపించేసరికి అదే మోగింది.

“ఏమైందత్తా?”

“ఏమీ కాలా. నీ బిడ్డ దొడ్డికి పోయొచ్చింది. నన్ను పిలవనే లేదు. గడప బయట చేతులు చాపుకోని నిలబడింది. రావే అంటే రాదు. ఇంకా ఆరలేదంట.”

“ఏ చేత్తో కడుక్కుందంట?”

“దారం చెయ్యే. తడిగా ఉండాది, చూసినా.”

“సబ్బు?”

అవతల రఘునాథ్ మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

“సబ్బు సంగతి అడగలేదే నేను.”

“అడుగత్తా.”

“ఏమే పాపా,” అని దూరంగా వెంకటక్క గొంతు. దానికి జవాబుగా ఏదో చిన్న గొంతు. బస్సు హారన్‌లో అది కలిసిపోయింది.

“మర్చిపోయిందంట. మళ్లా పోతాంది వాకిట్లోకి. నువ్వు ఫోన్ పెట్టెయ్, నేను చూస్తా.”

ఉషారాణి పెట్టలేదు. ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. పక్క సీటు ఆమె కిందికి చూసి నవ్వింది. ఉషారాణి కాలు ఆమెకు తెలియకుండానే పెడల్ తొక్కుతోంది.