అక్కకు వదులైన కోటు

మా ఆయన దర్జీ. మంచివాడు. ఆ మంచితనమే మా కొంప ముంచింది. ఎదుటి మనిషి మొహం చిన్నబోతే చూడలేడు. కొలతలు తీసేటప్పుడు టేపు నడుం చుట్టూ తిప్పి, వచ్చిన అంకె పైకి చదవడు. మనసులో పెట్టుకుని, "కాస్త వదులుగా ఉంచమంటారా?" అని మాత్రం అడుగుతాడు. పొట్ట బిగబట్టి నిలబడ్డవాళ్లు ఆ మాటకు ఊపిరి వదిలేసి నవ్వుతారు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని వదులు మాస్టారు అంటారు. ఏడిపించడానికి పెట్టిన పేరే, చివరికి ఖాయమైపోయింది. నేను పక్కన కూర్చుని కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, పేచీలు పెట్టేవాళ్లు వస్తే నోరు చేసుకుంటాను. ఆయనకు చేతకాని పనులన్నీ నావి.

ఆయనకు ఒక్కతే అక్క. తల్లి పోయేనాటికి ఈయన ఇంకా పలక కూడా పట్టలేదు. అక్కే ఎత్తుకుంది, అక్కే తినిపించింది, చదువు అబ్బకపోతే అక్కే తీసుకెళ్లి మిషను ముందు కూర్చోబెట్టింది. ఈ హడావిడిలో తన పెళ్లి సంగతి మరిచిపోయింది. రైల్వే స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం. యూనిఫారం నీలం కోటు, నీలం ప్యాంటు. వాటిని తమ్ముడు తప్ప ఇంకో దర్జీ ముట్టుకోవడానికి వీల్లేదు. మా వదిన మనిషి భారీ, గొంతు భారీ, నవ్వు ఇంకా భారీ. నేనెప్పుడైనా వేళాకోళం ఆడితే, "చక్కనమ్మ చిక్కినా అందమే అన్నారు. బలిస్తే అందం కాదని ఎవరూ అనలేదు కదే మరదలా" అనేది.

స్టేషను బాగుచేశాక ఆ నవ్వు తగ్గింది. పాత చెక్క గదులు పీకేసి గాజు గదులు పెట్టారు. వాటి తలుపు ఎంత సన్నమంటే, వదిన ముందు చేతిసంచి లోపల పెట్టి, తర్వాత పక్కకు తిరిగి తాను దూరాలి. ఒకరోజు వరసలో ఉన్నవాడెవడో, "ముందు ఈవిడ లోపలికి పోవాలి, ఆ తర్వాత కదా మనకు టికెట్టు. ఈలోపు బండి వెళ్లిపోతుంది" అన్నాడట. వరసంతా నవ్వింది. వదినా నవ్విందట. సాయంత్రం మా షాపుకొచ్చి ఆ సంగతి చెప్పి, గ్లాసుడు మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే కండల వీరుడి దగ్గర చేరింది. ఆ పేరు నేను పెట్టిందే; వదినకు మాత్రం వాడు కోచ్ గారు. చెప్పుల షాపు పైన మేడలో ఉంటుంది వాడి జిమ్ము. నాలుగు గోడలకూ అద్దాలు, చెవులు చిల్లులు పడే పాటలు, ఒక మూల పేర్చిన పొడి డబ్బాలు. వ్యాయామం పేరుకే, అసలు వ్యాపారం ఆ డబ్బాలది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, మధ్యలో తిన్నామంటే తిన్నామన్నట్టు ఏదో కాస్త. వాడి దగ్గర బరువు తూచుకోకూడదు. "త్రాసు మీ మనసు విరిచేస్తుంది. బట్టలు అబద్ధమాడవు. బట్టలు వదులైతే మీరు తగ్గినట్టే" అని వచ్చినవాళ్లందరిచేతా వల్లె వేయించేవాడు. వదిన ఏళ్ల తరబడి బీపీ మాత్రలు వేసుకుంటోంది. అవే ఒంట్లో విషమన్నాడు. పొడి పని చేయాలంటే అవి మానాలన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం కాదు మా వదిన, ఎంతమందికి చిల్లర తప్పు పోకుండా ఇచ్చిన మనిషి! కానీ నలుగురిలో నవ్వులపాలైనవాళ్లకు ఆశ చూపిస్తే తెలివి ఎక్కడ నిలుస్తుంది? మాత్రలు మానేసింది.

కొన్నాళ్లకు, "గుండీ ఊడిందిరా, కుట్టి ఉంచు" అని కోటు తమ్ముడికిచ్చి వెళ్లింది. అది ఊడిన గుండీ కాదు, లాగినందుకు తెగిన గుండీ. ఆ తేడా దర్జీకి ఒకరు చెప్పాలా? తిండి మానేసి, కళ్లు పీక్కుపోయి, అక్క తగ్గలేదు సరికదా ఇంకా ఒళ్లు చేసింది. ఈయన మనసు కరిగిపోయింది. గుండీతో పాటు చంకల కింద కుట్టు కూడా విప్పి, లోపల మడతలో వదిలిన గుడ్డలోంచి కాస్త బయటికి తీసి మళ్లీ కుట్టేశాడు. అక్కకు ఊపిరాడుతుందని. అప్పుడు నేను షాపులో లేను. ఇదంతా చాలాకాలం తర్వాత చెప్పాడు.

మర్నాడు సాయంత్రం వదిన మెట్లెక్కుతూనే కేక. "ఒరేయ్ తమ్ముడూ, చూడరా! వదులైందిరా!" కోటు ముందువైపు పట్టుకుని లాగి చూపించింది. మళ్లీ ఆ పాత నవ్వు. "అబ్బో, నిజమే వదినా" అన్నాను నేను కూడా. మా ఆయన తలెత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు. అప్పుడే చెప్పేసుంటే ఒక పూట ఏడుపుతో పోయేది. ఆ నవ్వు చూశాక నోరు పెగల్లేదట. ఇక అక్కడి నుంచి అదే వరస. జేబు చిరిగిందనో అంచు ఊడిందనో అడిగి మరీ కోటు తీసుకోవడం, కాస్త వదలడం. ప్యాంటు నడుమూ అంతే. లోపలి గుడ్డ అయిపోతే, మిగిలిపోయిన నీలం ముక్కలు వెతికి చంక కింద పట్టీ వేశాడు. ఒక అబద్ధాన్ని కప్పడానికి వంద అబద్ధాలాడాలంటారు. ఈ మహానుభావుడు నోరు విప్పకుండానే ఆ వందా ఆడాడు.

కండల వీరుడికి ఇంకేం కావాలి? వదినను అందరి ముందూ నిలబెట్టి, ప్యాంటు నడుం పట్టి లాగించి, ఫొటో తీసి మెట్ల దగ్గర గోడకు అంటించాడు. ఒకరోజు మా ఎదురుగా ఉండే బేకరీ ఆవిడ వచ్చి, "మాస్టారూ, నేనూ చేరానండోయ్. మీరు కుట్టిన కోటు, మీ కళ్లముందే వదులైంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి చెప్పండి?" అంది. ఈయన "మంచిదండీ" అన్నాడు. ఆవిడ వెళ్లాక చూస్తే సూదిలో దారం లేదు. దారం లేకుండానే చొక్కా చేయి మొత్తం కుట్టుకుంటూ పోతున్నాడు. "ఏ లోకంలో ఉన్నారండీ?" అని కేకలేశాను. ఏ లోకంలో ఉన్నాడో నాకేం తెలుసు పాపం.

ఇంతలో వదిన బూట్లు మానేసి చెప్పులతో రావడం మొదలుపెట్టింది. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. వేలితో నొక్కి చూశాను. గుంట పడింది, పడింది పడ్డట్టే ఉండిపోయింది.

"వదినా, డాక్టరుకు చూపిద్దాం రండి."

"నీకన్నీ భయాలే. ఒంట్లో విషమంతా కిందికి దిగుతోందట. పాదాల్లోంచే బయటికి పోతుందట. కోచ్ గారు చెప్పారు. అసలు కోటు వదులవుతోందా లేదా? అది చూడు ముందు."

కోటు చూస్తే వదులుగానే ఉంది. ఇంక నేనేం అంటాను?

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆ కోటు నా చేతికి చిక్కింది. కాజా తెగి ఉంటే బాగుచేద్దామని తీశాను. ఎన్నో ఉతుకులకు నీలం వెలిసిపోయి ఉంది. కానీ మడత లోపల దాగిన గుడ్డ వెలవదు కదా, కొత్తదానిలా ముదురుగానే ఉంటుంది. చంక కింద నుంచి అంచు దాకా, రెండువైపులా, ముదురు నీలం చార. అది కనపడకుండా పైన సుద్ద రుద్ది ఉంది. తిరగేస్తే పాత కుట్ల తాలూకు సూది చిల్లులు, ఒక వరస పక్కన ఇంకో వరస, దాని పక్కన ఇంకోటి. అంటే ఆ మనిషి తగ్గడం లేదు, రోజురోజుకూ పొంగిపోతోంది.

ఆయన రాగానే కోటు ముందు పడేశాను. "ఏమిటండీ ఇది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. "ఏడుస్తుందేమోనని..."

"ఏడిస్తే ఏడ్చేది! ఏడ్చి ఆ దిక్కుమాలిన డబ్బా అవతల పారేసేది. ఆ పాదాలు చూశారా మీరు?"

"చూశాను."

"చూసి కూడానా?"

"ఆదివారం అక్క ఇంటికెళ్లి కూర్చోబెట్టి చెప్తానే. ఇక్కడ, షాపులో, నలుగురిలో వద్దు."

"ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే పదండి."

"నీకు దణ్ణం పెడతాను. ఒక్క ఆదివారం."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఆదివారం రాకముందే వదిన ఊపిరాడక గాజు గదిలో కూలబడిపోయింది. సన్నటి తలుపులోంచి మనిషిని బయటికి తేలేక, తలుపే ఊడదీశారట స్టేషను వాళ్లు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అన్నీ చూసి, "ఒంటినిండా నీరు పట్టింది. మందులు మానేస్తే బీపీ పెరిగిపోయి కిడ్నీలను దెబ్బతీసింది. ఎంతవరకు కోలుకుంటాయో ఇప్పుడే చెప్పలేను" అంది. తర్వాత వదిన వైపు వంగి, "ఇంత నీరు ఒక్కరోజులో పట్టదమ్మా. బట్టలు బిగుతవుతాయి కదా. మీకు తెలియలేదా?" అని అడిగింది.

ముక్కుకు గొట్టం పెట్టి ఉన్నా వదిన గొంతులో గర్వం పోలేదు. "బిగుతా? నా బట్టలు వదులవుతూ వచ్చాయి డాక్టరమ్మా. కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి. కుట్టినవాడు వాడే."

డాక్టరమ్మ ఈయన వైపు చూసింది. నేను మోచేయి గిల్లాను. నోరు తెరిచాడు, మూశాడు. డాక్టరమ్మ వెంట వరండాలోకి వెళ్లాక, గోడ వైపు మొహం పెట్టుకుని అంతా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "ఈ మాట ఆవిడకు మీరే చెప్పాలి. నేనెంత చెప్పినా నమ్మదు, ఇంటికెళ్లగానే మళ్లీ ఆ పొడే కలుపుకుంటుంది. ఇంకోసారి ఇలా వస్తే నా చేతిలో ఉండదు" అని వెళ్లిపోయింది.

నేను తిన్నగా జిమ్ముకు పోయి వాడి గుండెలదిరేలా అరిచాను. వాడు డబ్బా తిప్పి, "రాసే ఉంది కదమ్మా, డాక్టరు సలహాతోనే వాడమని" అన్నాడు. చీమ తలకాయంత అక్షరాలు! "అయినా మీ వదినగారు తగ్గారు కదా, అందరూ చూశారు" అన్నాడు. గోడ మీద ఫొటో చింపుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి వాడికి శాపనార్థాలు పెడుతుంటే మా ఆయన ఆపాడు. "వాణ్ణి అని ఏం లాభం? వాడు అబద్ధం చెప్పాడు, నేను దానికి సాక్ష్యం చెప్పాను. అక్క నమ్మింది నన్నే." తర్వాత లేచి బేకరీకి వెళ్లాడు. ఆవిడతో అంతా చెప్పి వచ్చాడు. ఆవిడ ఏమందో నాతో అనలేదు, అన్నం కూడా తినలేదు. పరాయివాళ్లకు చెప్పగలిగిన మనిషి అక్క దగ్గరికొచ్చేసరికి మంచం చుట్టూ తిరుగుతాడు, దుప్పటి సర్దుతాడు, నీళ్లు పోస్తాడు, బయటికొచ్చేస్తాడు. నాకు ఒకపక్క జాలి, ఇంకోపక్క రెండు తగిలిద్దామన్నంత కోపం.

వదిన కాస్త తేరుకుంది. ఊపిరి సులువైంది. ఆ పొద్దున మేమిద్దరం వెళ్లేసరికి, నర్సు అటు పోయేదాకా ఆగి, తమ్ముణ్ణి దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్, ఇంట్లో అలమారలో డబ్బా ఉంది. సంచిలో పెట్టి పట్టుకురా. వీళ్ల కంటపడనివ్వకు. మధ్యలో ఆపితే తగ్గిందంతా తిరిగొచ్చేస్తుందట."

"తేను అక్కా."

"ఎందుకు తేవురా?"

ఆయన నా వైపు చూడలేదు. "నువ్వు తగ్గలేదక్కా. కోటు నేనే వదులు చేశాను. ప్యాంటు కూడా. కుట్లు విప్పి గుడ్డ వదిలాను. ప్రతిసారీ నేనే."

వదిన నవ్వబోయింది, హాస్యమాడుతున్నాడనుకుని. తమ్ముడి మొహం చూసి ఆగింది. నన్ను చూసింది. నేను అవునని తలూపాను.

తిడుతుందనుకున్నాను. "నా కిడ్నీలు పాడుచేశావు కదరా" అంటుందనుకున్నాను. ఆయన అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు. తలొంచుకుని, చెంపదెబ్బ కోసం ఎదురుచూసే పిల్లాడిలా నిలబడ్డాడు. వదిన దుప్పటి మీద ఉన్న తన ఉబ్బిన చేతిని చూసుకుంటూ ఉండిపోయింది. మాట్లాడినప్పుడు ఆ గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది.

"మొదటిసారి కూడానా?"

"మొదటిసారి కూడా."

"మధ్యలో ఎప్పుడో... ఒక్కరోజైనా నిజంగా తగ్గానారా?"

ఇంత జరిగాక కూడా ఆ అడగడంలో ఆశ ఉంది. ఆయన అవునంటే చాలు, అంతవరకైనా మిగుల్చుకుని బతుకుతుంది.

"లేదక్కా" అన్నాడు.

వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన్ని వెళ్లమనలేదు, కూర్చోమనీ అనలేదు.